విదేశములలో మోటారు సైకిలు: లైసెన్సు సంగతులు



మన కృష్ణా డెల్టాలో మోటారు సైకిలో స్కూటరో లేని యిల్లు నేడు అరుదు. ఉదయముననే పొలము చూచి వచ్చుటకు, కాలువగట్టు వెంట ధాన్యపు నమూనా మూట పట్టుకొని మిల్లునకు పోవుటకు, పిల్లలను బడిలో దింపుటకు, పెండ్లి పిలుపులకు, అన్నిటికి అదియే వాహనము. మన పిల్లవాండ్రు నడక నేర్చిన పిమ్మట నేర్చు రెండవ విద్య యిదియే యనిన తప్పు కాదు. అట్టి పిల్లలు ఇప్పుడు డల్లాసునకు, లండనునకు, దుబాయికి, సింగపూరునకు పోవుచున్నారు. కొందఱు చదువులకు, కొందఱు కొలువులకు, మఱికొందఱు పది దినముల విహారమునకు. పోయినచోట బండి కనబడగనే యెక్కవలెనని బుద్ధి పుట్టుట సహజము. బండి యెక్కడనైన బండియే కదా యని వారి తలంపు. బండి మాట నిజమే. దానిని నడుపు హక్కు మాత్రము సరిహద్దు దాటగనే మాఱిపోవును. ఆ హక్కును గుఱించియే నేటి నా ప్రసంగము.

నేను బెజవాడ న్యాయస్థానములలో మోటారు ప్రమాదముల నష్టపరిహారపు దావాలు నడిపినవాడను. ఆ దావాలలో బీమా కంపెనీ పక్షపు వకీలు లేచి మొదట అడుగు ప్రశ్న, బండి నడిపినవానికి లైసెన్సు ఉన్నదా యని. ఉన్నదని చెప్పిన వెంటనే రెండవ ప్రశ్న వచ్చును: ఆ తరగతి బండికి ఉన్నదా? మొదటి ప్రశ్నకు జంకనివారు పలువురు రెండవదానికి తడబడుదురు. మన దేశములో నైనచో, సుప్రీము కోర్టువారు 2004లో స్వరణ్ సింగు వ్యాజ్యమున ఇచ్చిన తీర్పు ననుసరించి, గాయపడిన మూడవ మనుష్యునికి కంపెనీ ముందుగా సొమ్ము చెల్లించి, తరువాత బండి యజమాని వద్ద రాబట్టుకొనునట్లు ఆజ్ఞాపించు పద్ధతి యొకటి కలదు. కాని విదేశములో తన కాలు తాను విఱుగగొట్టుకొన్నవానికి ఆ తీర్పు అక్కఱకు రాదు. వానికి ఆధారము తాను కొనిన ప్రయాణపు బీమా పత్రమొక్కటే. ఆ పత్రములో ఏమి వ్రాసియున్నదో అదియే వానికి శాసనము.

గుడివాడ సమీపపు గ్రామమునకు చెందిన యొక రైతు కొన్నియేండ్ల క్రిందట కాగితముల సంచితో నా వద్దకు వచ్చినాడు. అతని కుమారుడు స్నేహితులతో థాయిలాండు పోయి, ఫుకెట్టులో స్కూటరు అద్దెకు తీసికొని, కొండమలుపు వద్ద జాఱిపడినాడు. తొడయెముక విఱిగినది. శస్త్రచికిత్సకైన ఖర్చు కొఱకు బీమావారికి వ్రాయగా, వారు ఇచ్చుటకు వీలు లేదని జవాబిచ్చిరి. ఆసుపత్రి సొమ్ము కట్టి కుఱ్ఱవానిని తెచ్చుకొనుటకు ఆ తండ్రి పొలము తాకట్టు పెట్టవలసి వచ్చినది. నేను కాగితములు చూచితిని. కుఱ్ఱవానికి లైసెన్సు ఉన్నది. అంతర్జాతీయ పర్మిటు కూడ ఉన్నది. ఎవరో చెప్పగా శ్రద్ధతోనే తీసికొని పోయినాడు. కాని ఆ లైసెన్సు కారునకు మాత్రమే. పదునాఱవ యేట నుండి బండి నడుపుచున్నను, ద్విచక్ర వాహనపు తరగతిని లైసెన్సులో చేర్పించుకొనవలెనని వానికి తోచలేదు. మన ఊళ్లలో ఎవరును అడుగను లేదు. పర్మిటులో కారునకు ఎదుట ముద్ర యున్నది. మోటారు సైకిలునకు ఎదుట లేదు. బీమా పత్రములో, నడుపు బండి తరగతికి తగిన లైసెన్సు లేనిచో చికిత్స ఖర్చు ఈయబడదని యొక వాక్యము కలదు. ఆ వాక్యమునకు ఎదురు చెప్పుటకు నాకు దారి కానరాలేదు.

కావున విదేశపు సంగతి చెప్పుటకు ముందు మన యింటి సంగతి చెప్పవలసియున్నది. మన 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము లైసెన్సును తరగతులుగా విభజించినది. గేరు లేని మోటారు సైకిలు ఒక తరగతి. గేరు గలది వేఱొక తరగతి. కారు మొదలగు తేలిక వాహనములు మఱియొకటి. గేరు లేని స్కూటరునకు లైసెన్సు పొందినవారు గేరు గల బండిని నడుపరాదు. కారు లైసెన్సు కలవానికి ఏ ద్విచక్ర వాహనమును నడుపు హక్కు రాదు. పెద్ద బండికి హక్కున్నచో చిన్న బండికి లేకపోవునా యని చాలమంది అడుగుదురు. ఏనుగు నెక్కినవాడు గుఱ్ఱమును కూడ అదుపు చేయగలడని చెప్పుట వంటిది ఆ వాదము. చట్టము దానిని అంగీకరింపదు. గేరు గల మోటారు సైకిలునకు 18 ఏండ్లు నిండవలెను. 50 సీ.సీ. మించని బండికి మాత్రము 16 ఏండ్లకే అనుమతి కలదు. కాని మన వీథులలో పదునాఱేండ్లవారు తోలుచున్న బండ్లలో అంత చిన్న యంత్రము గలది యెన్ని యున్నవో మీరే చూచియున్నారు.

తరగతిని చేర్పించుకొనుట కష్టము కాదు. కాని దానికి కాలము పట్టును. మొదట అభ్యాసకుని లైసెన్సు తీసికొనవలెను. అది ఆఱు నెలలు చెల్లును. తీసికొన్న తరువాత 30 దినములు గడచినగాని నడిపి చూపు పరీక్షకు పిలువరు. ఈ 30 దినములను సిఫారసుతో గాని డబ్బుతో గాని తగ్గించుటకు న్యాయమైన మార్గము లేదు. మనవారి పద్ధతి యేమనగా, వీసా చేతికి వచ్చిన తరువాత పచ్చళ్లు, పొడులు, సూటుకేసులు సమకూర్చుకొని, విమానమునకు వారము దినములున్నదనగా రవాణా కార్యాలయమునకు పరుగెత్తుదురు. అప్పటికి పచ్చళ్లు సిద్ధమైయుండును గాని లైసెన్సు సిద్ధము కాదు. కళాశాలనుండి ప్రవేశపత్రము వచ్చిన నాడే, వీసా కొఱకు వేచియుండగనే, ఈ పని మొదలుపెట్టుట మంచిది.

ఇక అంతర్జాతీయ పర్మిటు. దాని పుట్టుక కొంత చిత్రమైనది. ఐరోపాలో మోటారు బండ్లు తిరుగుట ప్రారంభించిన కొలది కాలమునకే సరిహద్దుల వద్ద చిక్కులు పుట్టినవి. ఒక దేశపు లైసెన్సును ఇంకొక దేశపు పోలీసు చదువలేడు. దీనికి విరుగుడుగా 1909లో పారిసు నగరమున మొదటి ఒడంబడిక జరిగినది. అప్పుడు బండికి, నడుపువానికి కలిపి ఒకే పత్రము ఉండెడిది. 1926లో మరల పారిసులోనే కూడి, బండి పత్రమును నడుపువాని పత్రమును వేఱు చేసిరి. తరువాతిది 1949 సెప్టెంబరు 19వ తేదీన జెనీవాలో జరిగిన ఒడంబడిక. మన విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది గదా. అనగా ఈ కేంద్రము ఆ ఒడంబడిక కంటె కొన్ని నెలలు పెద్దది. 1968లో వియన్నాలో మఱియొకటి జరిగినది. ఈ మూడును, అనగా 1926, 1949, 1968 ఒడంబడికలు, మూడు తరముల వారు ఒకే యింట కాపురమున్నట్లు నేటికిని ప్రక్కప్రక్కన చెల్లుచున్నవి. ఒక దేశము ఒకదానిలో చేరియుండును, ఇంకొక దేశము వేఱొకదానిలో చేరియుండును. మన దేశము పర్మిటులను ఇచ్చునది 1949 జెనీవా ఒడంబడిక ననుసరించి.

పర్మిటు అనిన వెంటనే అదియొక పెద్ద లైసెన్సు అని భ్రమపడరాదు. అది మీ లైసెన్సునకు అనువాదము మాత్రమే. మీ లైసెన్సులో లేనిది అందులోనికి రాదు. అది ఒంటిగా చెల్లదు. కాడికి జోడెడ్లవలె, అసలు లైసెన్సును పర్మిటును కలిపియే చూపవలెను. ఒకటి యింట మఱచి పోయినచో రెండవది నిలువదు. మన దేశములో చేతి ఫోనులో చూపు లైసెన్సును పోలీసువారు అంగీకరించుచున్నారు. పరదేశపు పోలీసులు అట్లు అంగీకరింపవలెనను నియమము లేదు గనుక కార్డునే వెంట నుంచుకొనవలెను.

ఇది పుస్తకపు ఆకారమున ఉండును. అందులో వాహనముల తరగతులు అక్షరములతో గుర్తింపబడియుండును. ‘ఏ’ అనునది మోటారు సైకిళ్ల తరగతి. ‘బి’ అనునది కార్ల తరగతి. తరువాతి అక్షరములు లారీలకు, బస్సులకు. ఏ తరగతికి మీకు హక్కున్నదో దానికి ఎదుట మాత్రమే ముద్ర పడును. పుస్తకము చేతికి ఇచ్చినప్పుడు పుటలు త్రిప్పి ఆ ముద్ర పడినదా లేదా యని బల్ల వద్దనే చూచుకొనవలెను. మన ప్రభుత్వమువారు 2022 ఆగస్టులో ఒక ప్రకటన చేసి, దేశమంతట ఈ పర్మిటు ఒకే రూపమున, ఒకే పరిమాణమున, ఒకే రంగున ఉండునట్లు ఏర్పాటు గావించిరి. అంతకుముందు రాష్ట్రమున కొక తీరున ఉండుటచే పరదేశములలో అనుమానములు కలిగెడివి. దీనిని మీ ప్రాంతపు రవాణా కార్యాలయములోనే పొందవచ్చును. చెల్లుబడియగు లైసెన్సు, పాస్‌పోర్టు చూపవలెను. కేంద్ర నియమముల ప్రకారము రుసుము వేయి రూపాయలు. దానిపై సేవారుసుములు కొంత ఉండవచ్చును. గడువు ఒక సంవత్సరము. విదేశమున ఉండగా గడువు తీఱినచో అచ్చటి మన రాయబార కార్యాలయము ద్వారా క్రొత్తదానికి దరఖాస్తు పెట్టుకొను వీలును 2021లో కల్పించిరి.

ఇంకొక హెచ్చరిక. పది యేండ్ల వఱకు చెల్లు అంతర్జాతీయ లైసెన్సు ఇంటికి పంపెదమని ప్రకటనలు చేయువారున్నారు. అట్టిది ఏ ఒడంబడికలోను లేదు. జెనీవా పద్ధతి పర్మిటు ఒక యేడు, వియన్నా పద్ధతిది అత్యధికముగా మూడేండ్లు. అంతకు మించి చెల్లునని చెప్పిన పుస్తకము బొమ్మల పుస్తకముతో సమానము.

ఈ పర్మిటు ఎవరి కొఱకు ఉద్దేశింపబడినది? చూచిపోవు అతిథి కొఱకు. కాపురమునకు పోవువాని కొఱకు కాదు. ఈ భేదమును గ్రహింపకపోవుటయే మన విద్యార్థులకు కలుగు చిక్కులలో పెద్దది. చాల దేశములలో మీరు నివాసి యనబడిన నాటి నుండి అతిథి మర్యాదలు ముగియును.

ఇంగ్లండును తీసికొనుడు. డ్రైవింగు లైసెన్సు అను దానిని ఆ దేశమువారు 1903వ సంవత్సరపు చట్టముతో ప్రవేశపెట్టిరి. 1904 జనవరి 1 నుండి అమలు. అయిదు షిల్లింగులు కట్టినవాని కెల్ల లైసెన్సే. పరీక్ష యనునది లేదు. మోటారు సైకిలు నడుపుటకు 14 ఏండ్లు నిండిన చాలును. తప్పనిసరి పరీక్ష 1935 జూనులోగాని రాలేదు. అట్లు ఉదారముగా ప్రారంభించినవారు నేడు మోటారు సైకిలు విషయమున మిక్కిలి కఠినులు. అచ్చట చేరిన మనవారు మన లైసెన్సుతో 12 నెలలు చిన్న వాహనములను, అందులో తమకు తరగతి యున్నచో మోటారు సైకిలును, నడుపవచ్చును. ఆ గడువు తీఱిన తరువాత ఆ లైసెన్సు అచ్చట కాగితపు ముక్క. కొన్ని దేశముల లైసెన్సులను వారు తమ లైసెన్సుతో మార్చి యిత్తురు. ఆ పట్టికలో భారతదేశము లేదు. కావున బెజవాడలో ఇరువదియేండ్లు బుల్లెట్టు బండి నడిపినవాడైనను అచ్చట మొదటి మెట్టు నుండి ఎక్కవలసినదే.

ఆ మెట్లు చూడుడు. ముందుగా తాత్కాలిక లైసెన్సు. పిదప ఒక దినపు తప్పనిసరి ప్రాథమిక శిక్షణ. దీనిని 1990లో ఏర్పఱచిరి. అది పూర్తి చేసినవాడు 17 ఏండ్లు నిండినచో 125 సీ.సీ. వఱకు గల బండిని, ముందు వెనుకల ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరపు ఫలకము కట్టుకొని, నడుపవచ్చును. వెనుక ఎవరిని ఎక్కించుకొనరాదు. మోటారువే అనబడు పెద్ద రహదారి నెక్కరాదు. ఈ శిక్షణపత్రము రెండేండ్లు చెల్లును. ఈలోపల పూర్తి పరీక్షలు కాకపోయినచో శిక్షణ మరల మొదటికి. పూర్తి లైసెన్సునకు చదువు పరీక్ష యొకటి, నడిపి చూపు పరీక్ష రెండు భాగములుగ. ఆ లైసెన్సులలోను చిన్న బండికి ‘ఏ1’, నడితరపు బండికి ‘ఏ2’, ఎంత బలమైన బండికైనను ‘ఏ’. నేరుగా ‘ఏ’ పరీక్షకు పోవలెనన్న 24 ఏండ్లు నిండవలెను. రెండేండ్లు ‘ఏ2’ లైసెన్సుతో ఉన్నవానికి 21 ఏండ్లకే అనుమతి. మనయందు 18 నిండిన పిల్లవాడు ఒకే పరీక్షతో ఎంత పెద్ద యంత్రము గల బండినైనను ఎక్కవచ్చును. ఇంగ్లీషువారి మెట్ల పద్ధతియే నాకు మేలుగా తోచుచున్నది. బలము గల బండి మీద మొదటి సంవత్సరమే కుఱ్ఱవాని కూర్చుండబెట్టుట, ఈత రాని వానిని వఱద కృష్ణలో దింపుట వంటిది.

అమెరికాలో కథ వేఱు. అచ్చట లైసెన్సు ఇచ్చునది కేంద్ర ప్రభుత్వము కాదు, ఒక్కొక్క రాష్ట్రము. మోటారు సైకిలునకు సాధారణముగా ‘ఎం’ అను తరగతి. మనవారు విరివిగా నుండు టెక్సాసులో మోటారు సైకిలు లైసెన్సు కోరు ప్రతివాడును ఆమోదితమైన శిక్షణ పొందియుండవలెను. కాలిఫోర్నియాలో 21 ఏండ్లలోపు వారికి శిక్షణ తప్పనిసరి. నివాసి యనబడిన తరువాత టెక్సాసులో 90 దినములలో, కాలిఫోర్నియాలో 10 దినములలోనే ఆ రాష్ట్రపు లైసెన్సునకు పోవలెను. ఒక రాష్ట్రములో చదివి ఇంకొక రాష్ట్రములో కొలువు దొరికినవారు ఈ గడువుల భేదమును కనిపెట్టి యుండవలెను. శిరస్త్రాణము మాట చెప్పిన మీకు నవ్వు వచ్చును. కాలిఫోర్నియాలో 1992 నుండి అందఱకు హెల్మెటు నిర్బంధము. ఇల్లినాయిసులో ఎవరికిని నిర్బంధము లేదు. ఒకే దేశములో తల విలువ రాష్ట్రమును బట్టి మాఱునా యని నాకు ఆశ్చర్యము. నిర్బంధము లేనిచోట కూడ మనవారు దానిని ధరింతురు గాక; మే నెల బెజవాడ యెండలో హెల్మెటు భరించినవానికి అచ్చటి చలిలో అది కంబళి వలె హాయి.

సింగపూరులోని పద్ధతియు మెట్ల పద్ధతియే. 200 సీ.సీ. వఱకు ‘2బి’, 400 వఱకు ‘2ఏ’, ఆ పైన ‘2’. ఒక్కొక్క మెట్టుమీద ఒక సంవత్సరము నిలిచినగాని పై మెట్టునకు అర్హత లేదు. పరదేశపు లైసెన్సుతో నివాసులు కొంత గడువు వఱకే నడుపవచ్చును. మలేషియాలో 250 సీ.సీ. వఱకు గల బండికి ‘బి2’ అను తరగతి. జపాను 1949 ఒడంబడికలోని దేశము గనుక మన పర్మిటు అచ్చట చెల్లును. ‘ఏ’ ముద్ర ఉన్నచో మోటారు సైకిలునకు కూడ. వియత్నాము 2014లో 1968 ఒడంబడికలో చేరినది; అచ్చట పర్మిటు ఉన్నదా యనుటతో సరిపోదు, ఏ ఒడంబడిక ననుసరించినదని కూడ చూతురు. మనది 1949 పద్ధతిది గనుక, అచ్చటికి పోవువారు బయలుదేరుటకు ముందే రాయబార కార్యాలయమునకు వ్రాసి జవాబు కాగితము తెచ్చుకొనవలెను. నేపాళ భూటానములకు పర్మిటు పనిలేదు, మన లైసెన్సే చాలును. నేపాళమునకు మన బండినే తీసికొనిపోయినచో సరిహద్దు వద్ద సుంకపు శాఖవారి అనుమతి తీసికొనవలెను.

దుబాయి మాట ప్రత్యేకముగా చెప్పవలెను, ఏలనన అచ్చట మోటారు సైకిలు విహారమునకు కాదు, పొట్టకూటికి. ఇంటింటికి భోజనపు పొట్లములు చేరవేయు కొలువులకు మన జిల్లాల నుండి యువకులు పోవుచున్నారు. ఇచ్చటి లైసెన్సు ఎంత పాతదైనను, పనివీసాతో నివాసియైనవాడు ఆ దేశపు మోటారు సైకిలు లైసెన్సు పొందినగాని బండి యెక్కరాదు. మన లైసెన్సును మార్చి యిచ్చు ఏర్పాటు లేదు. శిక్షణ, పరీక్ష తప్పవు. దానికి సొమ్మును, కాలమును పట్టును. ఆ సొమ్ము ఎవరు పెట్టుకొనవలెను, జీతములో కోతవేయుదురా, పరీక్ష తప్పినచో గతి యేమి, లైసెన్సు వచ్చు వఱకు జీతము ఇత్తురా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితము మీద ఉన్నగాని ఏజెంటు చేతిలో డబ్బు పోయరాదు. మఱియు అచ్చట రోడ్డునకు కుడిప్రక్కన నడుపుదురు. మనవాడు ఎడమప్రక్క అలవాటుతో మలుపు తిరుగుట, మొదటి వారములలో లైసెన్సు లేమి కంటె పెద్ద అపాయము.

అద్దె దుకాణముల సంగతి యింకొకటి. విహారస్థలములలో దుకాణదారు లైసెన్సు అడుగడు. పాస్‌పోర్టు కుదువ పెట్టుమని మాత్రము అడుగును. అతడు అడుగలేదు గనుక అవసరము లేదని మనవారు తలంతురు. అతనికి కావలసినది బండి తిరిగి వచ్చుట; మీ కాలు సంగతి అతని లెక్కలోనిది కాదు. పాస్‌పోర్టును ఎట్టి పరిస్థితిలోను కుదువ పెట్టకుడు. బీమా పత్రము కొనునప్పుడు ద్విచక్ర వాహనమును గుఱించిన భాగమును చదువుడు. కొన్నిటిలో ఇన్ని సీ.సీ.లకు మించిన బండికి వర్తింపదని యుండును. కొన్నిటిలో హెల్మెటు లేనిచో, మద్యము సేవించినచో వర్తింపదని యుండును. తగిన లైసెన్సు ఉండవలెనను షరతు చాల పత్రములలో కానవచ్చును.

విద్యుత్తుతో నడచు చిన్న బండ్లు క్రొత్త చిక్కు తెచ్చినవి. మనయందు 250 వాట్ల లోపు శక్తి కలిగి, గంటకు 25 కిలోమీటర్లు మించని విద్యుత్తు స్కూటరునకు లైసెన్సు అక్కఱలేదు. ఇంగ్లండులో నిలుచుండి నడుపు విద్యుత్తు స్కూటరును సొంతముగా కొని బహిరంగ రహదారిపై నడుపుట నేరము; ప్రభుత్వము అనుమతించిన అద్దె బండ్లకు మాత్రమే కొన్ని పట్టణములలో వీలు కలదు, వానికిని లైసెన్సు కావలెను. అంగడిలో అమ్ముచున్నారు గదా యని కొని, కళాశాలకు దానిపై పోయిన విద్యార్థి బండిని పోలీసువారు పట్టుకొని పోవచ్చును.

తుదకు గడువుల మాట. 2019 సవరణ తరువాత, 30 ఏండ్లు నిండని వానికి ఇచ్చిన లైసెన్సు 40 ఏండ్ల వయస్సు వఱకు చెల్లును. 30 మొదలు 50 లోపు వారికి పదేండ్లు. గడువునకు ఒక యేడు ముందునుండియే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టవచ్చును; గడువు దాటి యేడాది గడచినచో మరల నడిపి చూపు పరీక్ష తప్పదు. విదేశమున ఉన్నవాడు ఈ తేదీని మఱచుట మామూలు. ఇంటివద్ద నున్న తల్లిదండ్రులు లైసెన్సు నకలు ఒకటి తమ వద్ద ఉంచుకొని, ఆ తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టి, ముందు సంవత్సరము సంక్రాంతికి పిల్లవాడు వచ్చినప్పుడు రవాణా కార్యాలయమునకు వెంటబెట్టుకొని పోవచ్చును.